భద్రత పేరుతో కొత్త వెర్షన్ అంటగట్టొద్దు

అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ వేసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే తప్పు. ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు సరుకులు దాగి ఉన్నాయి. ఒకటి మరమ్మతు: ప్రోగ్రామ్‌లో బయటపడిన లొసుగును పూడ్చే ప్యాచ్. రెండోది మార్పు: కొత్త మెనూలు, కొత్త ఫీచర్లు, చాలాసార్లు కొత్త షరతులు కూడా. మొదటిదాన్ని వారం తిరక్కుండా వేసుకోవాలి. రెండోదాన్ని మన పని అడిగేదాకా ముట్టుకోనక్కర్లేదు.

ప్యాచ్ విషయంలో బద్ధకిస్తే ఏమవుతుందో 2017లోనే చూశాం. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ వాడుకున్న లొసుగుకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. దాడి జరిగింది మే 12న. దాదాపు రెండు నెలల గడువు చేతిలో ఉండగా వదిలేసినవాళ్లే ఎక్కువగా బలయ్యారు. బ్రిటన్ ఆసుపత్రుల్లో చికిత్సలు ఆగిపోయాయి. దీని మీద వాదన అనవసరం.

అయితే నేను వారం అన్నాను, ఆ గంటలోనే అనలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ తన కస్టమర్లకు పంపిన తప్పుడు ఫైలును ఆ కంపెనీ గంటన్నర లోపే వెనక్కి తీసుకుంది. అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి, విమానాలు నిలిచిపోయాయి. కాస్త ఆగి వేసుకుందాం అనుకునే వీలు ఆ ఫైలు విషయంలో కస్టమర్లకు లేదు. ఆగే వీలు ఎంత విలువైనదో ఆ ఒక్క పూట చాటింది.

ఇక కొత్త వెర్షన్ల సంగతి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి సొంత ఫైళ్లనే తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపి, సరిచేసి, నవంబర్‌లో మళ్లీ విడుదల చేసింది. ఫైళ్లు పోగొట్టుకున్నది ఎవరు? అందరికంటే ముందు వేసుకున్నవాళ్లు.

ఇంత పెద్ద ప్రమాదాలు అరుదే. రోజూ జరిగే నష్టం వేరే ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. పదేళ్లుగా ఒకే ప్రోగ్రామ్ వాడిన మనిషికి పని వేళ్లలో ఉంటుంది. ఏ బటన్ ఎక్కడుందో కళ్లు వెతకవు, చెయ్యే వెళ్తుంది. నేను రోజూ వాడే ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఒక అప్‌డేట్‌తో షార్ట్‌కట్లన్నీ మార్చేసింది. ఆ వారమంతా నా ధ్యాస రాసే విషయం మీద లేదు, కీబోర్డు మీదే ఉంది. వయసు పైబడినవాళ్లకు, చూపు మందగించి తెరను గుర్తుపెట్టుకుని వాడేవాళ్లకు ఇది వారంతో పోయే ఇబ్బంది కాదు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నేర్పును రాత్రికి రాత్రి లాక్కుని, దానికి ‘మెరుగుదల’ అని పేరు పెడుతున్నారు.

పాత వెర్షన్లన్నింటినీ కాపాడుకుంటూ రావడం భారం, అందరూ కొత్తదానికి మారితేనే భద్రత అని ఇంజనీర్లు అంటారు. భారమన్నది నిజమే. మోయలేనిది మాత్రం కాదు. విండోస్ లాంటిదే, కానీ ఉచితంగా దొరికే డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ స్థిరమైన వెర్షన్‌కు విడుదలయ్యాక వచ్చేవి ప్రధానంగా భద్రతా ప్యాచ్‌లూ ముఖ్యమైన దోషాల సవరణలే. అలాంటిదే అయిన ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్‌కు ఐదేళ్లపాటు ప్యాచ్‌లు అందుతాయి. ఫైర్‌ఫాక్స్‌కూ సంస్థల కోసం నిదానంగా మారే వెర్షన్ ఉంది. మరమ్మతునూ మార్పునూ విడదీయడం అసాధ్యమనేవాళ్లు ముందు వీటికి జవాబు చెప్పాలి.

రెండింటినీ కలిపి కట్టేది సాంకేతిక అవసరం కొద్దీ అయితే నేనూ సర్దుకుపోయేవాణ్ని. అసలు తగవు యాజమాన్యం దగ్గరుంది. డబ్బిచ్చి కొన్న వస్తువు ఎవరిది? 2013లో ఫొటోషాప్ తయారుచేసే అడోబీ తన ప్రధాన ప్రోగ్రామ్‌ల కొత్త వెర్షన్లను ఒకేసారి కొనుక్కునే పద్ధతికి స్వస్తి చెప్పి చందా బాట పట్టింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లను అప్‌డేట్ ద్వారా నెమ్మదింపజేస్తున్నట్టు యాపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది. ఆ సంగతి వినియోగదారులకు చెప్పనందుకు ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ లేని కంప్యూటర్లు ఎంత చక్కగా పనిచేస్తున్నా ఆ రోజుతో ‘పాతవి’ అయిపోయాయి. వాటిలో ఏ భాగమూ చెడిపోలేదు. చెడగొట్టింది క్యాలెండర్‌లోని ఒక తేదీ.

అమ్మేశాక కూడా వస్తువు మీద పెత్తనం అమ్మినవాడిదేనన్న ఈ ధోరణిని చట్టమే ఆపాలి. ఐరోపా సమాఖ్య ఆ దిశగా కదిలింది. అక్కడి సైబర్ రెసిలియెన్స్ చట్టం ప్రకారం, సాంకేతికంగా వీలైన చోటల్లా భద్రతా అప్‌డేట్లను ఫీచర్ల నుంచి విడదీసి ఇవ్వాలి. దాని ప్రధాన నిబంధనలు 2027 డిసెంబర్ 11 నుంచి వర్తిస్తాయి. ఐరోపా కోసం విడగొట్టినదాన్ని మిగతా ప్రపంచానికి మళ్లీ మూటకట్టి ఇస్తామని ఏ కంపెనీ ఏ మొహంతో చెబుతుందో ఆ రోజున చూడాలి.