జో ఫ్లాకో మంచివాడే గానీ...

బాల్టిమోర్ చుట్టుపక్కల ఉన్న మా తెలుగువాళ్ల ఇళ్లలో పుష్కరం దాటినా తేలని సమస్య ఒకటి ఉంది. ఆస్తి తగాదా కాదు, అసోసియేషన్ ఎన్నికలు కావు (అవీ తేలలేదనుకోండి, అది వేరే సంగతి). రేవెన్స్ జట్టు పాత క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో ఎలైటా (అంటే మొదటి వరస ఆటగాడా), కాదా?

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివారికి ఒక్క ముక్క. క్వార్టర్‌బ్యాక్ అంటే పెళ్లిలో పురోహితుడి లాంటివాడు. మోసేవాళ్లు మోస్తారు, పరిగెత్తేవాళ్లు పరిగెత్తుతారు. ఏ తంతు ఎప్పుడో చెప్పేదీ, బంతి ఎవరి చేతికి వెళ్లాలో తేల్చి విసిరేదీ ఆయనే. ముహూర్తం తప్పితే తిట్లూ ఆయనకే. ఇక 'ఎలైట్' అంటే ఏమిటన్నది రూల్‌బుక్కులో ఎక్కడా లేదు. లేదు కాబట్టే ఇంత గట్టిగా వాదించుకోగలుగుతున్నాం.

ఫ్లాకో 2008లో డెలవేర్ యూనివర్సిటీ నుంచి, జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 18వ ఎంపికగా లీగ్‌లోకి వచ్చాడు. మొదటి 5 సీజన్లలో ఏ ఏడూ తప్పకుండా కనీసం ఒక ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) మ్యాచ్ గెలిచాడు. అంతకుముందు ఏ క్వార్టర్‌బ్యాకూ చేయని పని అది. దీనిమీద మా పక్కింటాయన తీర్పు: "బాగానే ఆడతాడు గానీ, గెలిపించేది డిఫెన్సండీ." ఆ 'గానీ'ని గమనించండి. సంబంధం చూసొచ్చినవాళ్లు "అబ్బాయి బుద్ధిమంతుడే గానీ" అంటూ చెప్పులు విప్పుతున్నారంటే ఆ సంబంధం కథ కంచికే.

2012 వేసవికి ముందు రేడియోలో అడిగితే ఫ్లాకో, అందరిలోకీ తానే బెస్ట్ అనుకుంటున్నానన్నాడు. ఊరంతా నవ్వింది. నవ్వడానికి కారణం అంతకు కొద్ది నెలల ముందే జరిగింది. ఆ ఏడాది జనవరి 22న లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్‌కి ఒక్క గెలుపు దూరంలో, న్యూ ఇంగ్లండ్ జట్టు మేటి క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ సొంత మైదానంలో ఫ్లాకో 306 గజాల పాస్‌లు వేశాడు. బ్రేడీ ఒక్క టచ్‌డౌన్ పాస్ (అవతలి గీత దాటించి 6 పాయింట్లు తెచ్చేది) కూడా వేయలేదు. ఆఖరి అరనిమిషంలో ఫ్లాకో వేసిన బంతి ఆ గీత అవతలి ఎండ్‌జోన్‌లో మావాడు లీ ఎవాన్స్ రెండు చేతుల్లో పడింది. స్టెర్లింగ్ మూర్ అనే ప్రత్యర్థి కుర్రాడు ఒక్క దెబ్బ కొట్టాడు, బంతి జారిపోయింది. తర్వాత స్కోరు సమం చేయడానికి మా కిక్కర్ బిల్లీ కండిఫ్ 32 గజాల నుంచి కొట్టిన కిక్కు పక్కకు పోయింది. 23-20తో ఓటమి. తీర్పు: ఫ్లాకో ఎలైట్ కాదు.

ఏడాది తిరక్కముందే, 2013 జనవరి 12న, గడ్డకట్టే చలిలో డెన్వర్‌లో ప్లేఆఫ్ మ్యాచ్. మావాళ్లు 35-28తో వెనకబడి ఉన్నారు, గడియారం ఆపుకునే టైమవుట్లు అయిపోయాయి, గడియారంలో నిమిషం కూడా లేదు. ఫ్లాకో ఆకాశంలోకి ఒకటి వేశాడు. కింద డెన్వర్ ఆటగాడు రహీమ్ మూర్ వెనక్కీ వెనక్కీ అడుగులేసి, గాలిపటం దారం అందుకోబోయిన పిల్లాడిలా ఎగిరాడు. అందలేదు. అతని వెనకాల మావాడు జకోబీ జోన్స్ చేతుల్లో పడింది. 70 గజాల టచ్‌డౌన్, ఇంకా 31 సెకన్లు మిగిలాయి. రెండో ఓవర్‌టైమ్‌లో 38-35తో గెలుపు. తీర్పు: ఫ్లాకో ఎలైట్.

అంటే ఆ హోదా ఫ్లాకో కుడిచేతిలో లేదు, మూర్ ఇంటిపేరు వాళ్ల చేతుల్లో ఉంది. ఈ పరిశోధనకు నాకింకా ఎవరూ డాక్టరేట్ ఇవ్వలేదు.

ఆ తర్వాత బ్రేడీని అదే మైదానంలో ఓడించాడు. ఫిబ్రవరి 3న న్యూ ఓర్లీన్స్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోతో సూపర్‌బౌల్. మావాళ్లు 28-6తో ముందున్నారు, కరెంటు పోయింది. 34 నిమిషాలు. ఎండాకాలం కోతల్లో పెరిగినవాళ్లం, కరెంటు తిరిగొచ్చేసరికి ఏదో ఒకటి పాడయ్యే ఉంటుందని మాకు తెలుసు. అలాగే శాన్‌ఫ్రాన్సిస్కో విరుచుకుపడింది, చివరికి 34-31తో బతికి బయటపడ్డాం. ఆ ప్లేఆఫ్స్‌లో 4 మ్యాచ్‌లు, 11 టచ్‌డౌన్ పాస్‌లు, ఒక్కటీ శత్రువు చేతికి పోలేదు. అలనాటి మేటి క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా రికార్డుతో సమానం. కప్పెత్తినప్పుడు కూడా ఆయన ముఖం రేషన్ షాపు క్యూలో నిలబడ్డవాడి ముఖమే. అదే ఆయన కొంప ముంచిందని నా అనుమానం.

మార్చిలో 6 ఏళ్లకు 12 కోట్ల 6 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది. అప్పటికి లీగ్ చరిత్రలోనే పెద్దది. ఆ సంబరంలో ఆయన చేసిందేమిటంటే, మెక్‌డొనాల్డ్స్ దగ్గర కారాపి పది చికెన్ నగ్గెట్లు కొనుక్కున్నాడు. మా పక్కింటాయన ఇప్పటికీ తమలపాకు మీద ప్రమాణం చేస్తాడు, ఎలైట్ అనేవాడు నగ్గెట్లు తినడని. తర్వాతి సీజన్‌లో 19 టచ్‌డౌన్ పాస్‌లు, 22 ఇంటర్‌సెప్షన్లు (శత్రువు చేతికి పోయిన పాస్‌లు). ఆ రోజు పక్కింటాయన ముఖం వెలిగిపోయింది.

ఒక పాట్‌లక్‌లో హైదరాబాదు మిత్రుడొకాయన ధర్మసందేహం లేవనెత్తాడు. "వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక్క వరల్డ్‌కప్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఆయన గొప్పోడని 2001 ఈడెన్‌లో కొట్టిన 281 చూసి ఒప్పుకున్నాం. అక్కడ కప్పు లేకపోయినా చెల్లింది, ఇక్కడ కప్పుండీ చాలదా?" అందరూ ఆలోచనలో పడ్డారు. పక్కింటాయన పులిహోర గరిటె గిన్నెలోనే ఆపి, "లక్ష్మణ్ మణికట్టు చూశారా అసలు?" అన్నాడు. కేసు మళ్లీ వాయిదా.

కాబట్టి ప్రభుత్వం వెంటనే ఒక కమిషన్ వేయాలి. అధ్యక్షుడిగా రిటైర్డ్ జడ్జి, సభ్యులుగా ఇద్దరు మూర్‌లు. గడువు ఆరు నెలలు, పొడిగింపులు మామూలే.

2023 నవంబరులో, 38 ఏళ్ల వయసులో ఇంట్లో కూర్చున్న ఫ్లాకోను క్లీవ్‌లాండ్ జట్టు పిలిచింది. 5 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, 4 గెలిచాడు. మన జట్టు కాకపోయినా పక్కింటాయన డిసెంబరంతా గొంతు పోయేలా అరిచాడు. "మొదట్నుంచీ నేను చెప్తూనే ఉన్నా కదండీ, ఎలైటని!" జనవరిలో హ్యూస్టన్‌లో ప్లేఆఫ్ మ్యాచ్. వరసగా రెండు పాస్‌లు నేరుగా శత్రువుల చేతుల్లోకి, అక్కణ్నుంచి టచ్‌డౌన్‌లకి. 45-14తో ఓటమి. రెండోది పడ్డ నిమిషంలోపే నా ఫోన్ మోగింది. పక్కింటాయన దగ్గర్నుంచి మెసేజ్. ఒకటే మాట: "గానీ..."