జీరో రోస్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా జీరో రోస్ గారూ,

నమస్కారం. కుశలమేనా అని అడగాలనే ఉంది. కానీ మీరేమంటారో నాకు తెలుసు. ఏమీ అనరు. డేటాబేస్‌లో వెతికితే ఒక్క రో (వరుస) కూడా దొరకలేదనే జవాబే కదా మీరు!

ఎర్రర్లు నయం. లైన్ నంబరుతో సహా నానా యాగీ చేస్తాయి. మీరు మాత్రం మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ తెర మీద 'ఎంప్టీ సెట్, 0.00 సెకన్లు' అని ఒక్క ముక్క రాసి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు.

పైగా చోటుకో వేషం. ఒరాకిల్ డేటాబేస్‌లో సెలెక్ట్ ఇంటూ (దొరికిన రోను వేరియబుల్‌లో పెట్టమనే ఆదేశం) రాస్తే 'నో డేటా ఫౌండ్' అంటూ 01403 నంబరు వేసుకుని మీద పడతారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రొసీజర్‌లో అదే రాసి, స్ట్రిక్ట్ అనే మాట మరిచిపోతే, వేరియబుల్‌లో నల్ (విలువ తెలియదనే ఖాళీ గుర్తు) పెట్టేసి పిల్లిలా జారుకుంటారు. పైథాన్‌లో ఫెచ్‌ఆల్ (అన్ని రోలూ ఇవ్వు) అంటే ఖాళీ లిస్టు, ఫెచ్‌వన్ (ఒక్క రో ఇవ్వు) అంటే నన్ (ఏమీ లేదు). ఆ నన్ పక్కన నేను మొదటి విలువ కోసం [0] తగిలించడం, ప్రోగ్రామ్ బోర్లా పడటం... సరే, అది నా తప్పే.

రావాల్సిన చోట రాకపోవడం మీ ఇంకో విద్య. సమ్ (మొత్తం కూడు) రాసి, షరతుకు ఒక్క రో కూడా తగలకపోతే మీరే వస్తారని కాపు కాశాను. రాలేదు! ఒక రో వచ్చింది, అందులో నల్. అదే కౌంట్ (లెక్కపెట్టు) అయితే బుద్ధిగా 0 అంటుంది. కింద గ్రూప్ బై (గుంపులుగా విడగొట్టు) చేర్చానో లేదో, మళ్లీ మీరు ప్రత్యక్షం.

ఇవన్నీ మరిచిపోగలను గానీ ఆ బిల్లుల సంగతి మరిచిపోలేను. పేమెంట్ చేయని కస్టమర్లెవరో తీయమన్నారు. పేమెంట్స్ టేబుల్‌లో లేని ఐడీలు ఇవ్వమని నాట్ ఇన్ ('ఆ జాబితాలో లేనివి')తో అడిగాను. మీరొచ్చారు. 'అందరూ కట్టేశారు!' అని మీటింగులో చప్పట్లు. మేనేజర్ గారు భుజం తట్టారు. మరుసటి నెలా మీరే, ఆ పై నెలా మీరే. మా కస్టమర్లంత సత్యసంధులు లోకంలో లేరనుకున్నాం.

తీరా చూస్తే పేమెంట్స్‌లో ఎవరో కస్టమర్ ఐడీ నింపకుండా వదిలేసిన రో ఒకటుంది. ఆ ఒక్క నల్ చాలు. 'ఈ ఐడీ అందులో లేదు' అని ఎవరి గురించీ డేటాబేస్ ఖాయంగా చెప్పలేదు, 'తెలియదు' అంటుంది. తెలియనివాళ్లను వేర్ (షరతు రాసే చోటు) గుమ్మం దాటనివ్వదు. నల్‌కి తడబడని నాట్ ఎగ్జిస్ట్స్‌గా మార్చి రన్ చేస్తే తెర నిండిపోయి, పక్కన స్క్రోల్ బార్ కూడా మొలిచింది. ఈసారి చప్పట్లు లేవు.

నా విన్నపం ఒక్కటే. వచ్చినప్పుడు ఎందుకొచ్చారో చెప్పండి. నిజంగానే ఎవరూ లేరా, నా షరతు తప్పా, లేక నేను పొరపాటున టెస్ట్ డేటాబేస్‌లో కూర్చుని వెతుకుతున్నానా?

ఇట్లు,
మీ చేతిలో మోసపోయిన ఒక డెవలపర్

తా.క.: ఉత్తరం ముగించే ముందు ఆ ఐడీ లేని రో సరిచేద్దామని అప్‌డేట్ కొట్టాను. 'జీరో రోస్ అఫెక్టెడ్' అంటూ మళ్లీ దిగారు. వేర్‌లో 'ఈజ్ నల్'కి బదులు, ఎప్పుడూ 'తెలియదు' అనే 'ఈక్వల్స్ నల్' రాశాన్లెండి.