సైట్ ఐసొలేషన్ ఆపేస్తే టెస్టులు బాగుపడతాయా?

నెల్లూరు, ఒంగోలు టెస్టింగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: బ్రౌజర్ టెస్టులు ఫెయిలవుతుంటే క్రోమ్‌లో సైట్ ఐసొలేషన్ (ఒక్కో సైట్‌ని వేరే ప్రాసెస్‌లో, అంటే విడిగా నడిచే ప్రోగ్రాములో పెట్టే ఏర్పాటు) ఆపెయ్యండి, అది సెక్యూరిటీ వ్యవహారం, టెస్టులకు సంబంధం లేదు, అన్నీ ఒకే ప్రాసెస్‌లో ఉంటే స్పీడు, అప్పటికీ మొండికేసిన వాటిని స్కిప్ చెయ్యండి, ఫైర్‌ఫాక్స్ వాళ్లూ అదే చేశారు.

సంబంధం లేదట! 2018 జనవరిలో స్పెక్టర్ (ఒక సైట్ ఇంకో సైట్ డేటా చదివేసే వీలిచ్చే ప్రాసెసర్ లోపం) బయటపడింది, ఆ ఏడే క్రోమ్ 67తో డెస్క్‌టాప్‌లో దాదాపు అందరికీ ఐసొలేషన్ వచ్చింది. సెక్యూరిటీ కోసమే, నిజమే. కానీ దాంతో పేజీ నడిచే తీరు కూడా మారింది. రొయ్యల మేత అమ్మే సైట్ ఉందనుకోండి. పేమెంట్ పేజీలో బ్యాంకు ఐఫ్రేమ్ (పేజీ లోపల ఇంకో పేజీ) వేరే డొమైన్ నుంచి వస్తుంది, వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది. ఏది ముందు లోడవుతుందో చెప్పలేం. 'ఇది అవగానే అదీ అయ్యుంటుంది' అని ధీమాగా రాసిన టెస్టు అక్కడే బోల్తా పడుతుంది. అదే ధీమాతో రాసిన కోడ్ కస్టమర్ దగ్గరా బోల్తా పడుతుంది. ఫ్లాగ్ (బ్రౌజర్ సెట్టింగ్) పెట్టి, అంటే ఐసొలేషన్ ఆపేసి, దాచడమంటే పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే.

తమాషా ఏంటంటే, ఐసొలేషన్ ఆన్‌లోనే ఉన్నా చాలామంది దాన్ని పరీక్షించడమే లేదు. షాపు లోకల్‌హోస్ట్ (మన కంప్యూటరే) 3000 పోర్టులో, డమ్మీ బ్యాంకు లోకల్‌హోస్ట్ 4000 పోర్టులో పెడతారు. పోర్టు మారితే ఆరిజిన్ (పోర్టుతో సహా ఉన్న చిరునామా) మారుతుంది గానీ సైట్ మారదు. సైట్ లెక్కలో చూసేది స్కీము (http, https లాంటిది), డొమైనూ మాత్రమే. అందుకని మామూలుగా రెండూ ఒకే ప్రాసెస్‌లో కూర్చుంటాయి. హోస్ట్స్ ఫైల్లో (ఏ పేరు ఏ అడ్రస్‌కి వెళ్లాలో కంప్యూటర్ చూసుకునే ఫైలు) షాప్.టెస్ట్, బ్యాంక్.టెస్ట్ అని రెండు పేర్లు రాసి 127.0.0.1కి, అంటే మన కంప్యూటర్‌కే, తిప్పండి. క్రోమ్ టాస్క్ మేనేజర్ తెరిస్తే 'సబ్‌ఫ్రేమ్' అని విడిగా ఒక వరుస కనిపించాలి. కనిపించలేదంటే మీ టెస్టు ఆ దారి తొక్కనే లేదు.

ఇక స్పీడు. ఆ ఫ్లాగ్‌తో అన్నీ ఒకే ప్రాసెస్‌లోకి రావు. క్రోమ్ 2008లో పుట్టినప్పటి నుంచీ మల్టీప్రాసెసే. ఐసొలేషన్ మెమరీ ఎక్కువ తింటుందన్నది ఒప్పుకోవాలి. 10 నుంచి 13 శాతం అని గూగులే చెప్పింది. 4 జీబీ ల్యాప్‌టాప్‌లో టెన్షనే. ఒకేసారి తెరిచే బ్రౌజర్లు తగ్గించుకోండి.

ఫైర్‌ఫాక్స్ కథ సగమే చెప్పారు. 2016లో 48వ వెర్షన్‌తో మల్టీప్రాసెస్ జనంలోకి వచ్చే రోజుల్లో, ఆ మోడ్‌లో స్కిప్ అని రాసిన టెస్టులు బోలెడు. కానీ సూట్లను (టెస్టుల కట్టలను) రెండు మోడ్‌లలోనూ నడిపారు, పేజీని నేరుగా ముట్టుకునే టెస్టుల్ని తిరగరాశారు. పైగా స్కిప్ వేరు, 'ఫెయిలవుతుందని తెలుసు' అని గుర్తు పెట్టడం వేరు. స్కిప్ చేసింది నడవదు, బాగుపడినా మనకు తెలీదు. గుర్తు పెట్టింది నడుస్తుంది, పాసైన రోజు గోల చేస్తుంది. హ్యాంగై మిగతా టెస్టుల్ని ముంచేదానికే స్కిప్ వాడాలి.

అలాగని ఐసొలేషన్ ఆఫ్ చేసి టెస్టులు నడపడం దండగ అనుకోవద్దు. ఆండ్రాయిడ్‌లో 2019లో, క్రోమ్ 77తో, పాస్‌వర్డ్ కొట్టే సైట్లకే, అదీ కనీసం 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లలోనే మొదలైంది. ఇందుకూరుపేటలో గుంట గట్టు మీద నిలబడి మేత ఆర్డర్ పెట్టే రైతు ఫోనులో పూర్తి ఐసొలేషన్ ఉంటుందని ఏ నమ్మకం? ప్రతి మార్పుకీ ఆన్ సూట్, రాత్రికి ఆఫ్ సూట్, రిజల్టులు విడివిడిగా. ఒకదాంట్లో పాసై రెండోదాంట్లో ఫెయిలైన టెస్టుల్నే పొద్దున ముందు తెరవండి.