ఆడటం వేరు, ఆడుకోవడం వేరు

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి పటమటకు వెళ్లే దారి పక్క వీధుల్లోనో, గుంటూరు బ్రాడీపేట లైన్లలోనో సాయంత్రం ఏడు దాటాక ఏదైనా గేమింగ్ కేఫ్‌లో పావుగంట నిలబడి చూడండి. తుపాకుల మోత హెడ్‌ఫోన్లలోనే ఉండిపోతుంది. గదిలో వినిపించే మాట ఒకటే, అది ‘ర్యాంకు’. ర్యాంకు పడిపోయిందని ఒకడు, వీడి వల్లే నా ర్యాంకు పోయిందని ఇంకొకడు, రేపటికల్లా ర్యాంకు పుష్ చేయాలని మరొకడు అంటుంటారు. ఆ కుర్రవాళ్లలో చాలామంది ఇదే మాటను పొద్దున తరగతి గదిలో విని వచ్చినవారు, రాత్రి భోజనాల దగ్గర మళ్లీ వినబోయేవారు.

పోటీ వీడియో గేములు ఆడేవారి కోపానికి కారణమేమిటని అడిగితే పెద్దలు సాధారణంగా ఆటలోని హింసను చూపిస్తారు. ఆ వాదన నాకు సరిపోదనిపిస్తుంది. తుపాకీ ఊసే లేని ఫుట్‌బాల్ గేములోనూ, కార్ల పందెంలోనూ కంట్రోలరును నేలకేసి కొట్టేవారున్నారు. అదే తుపాకీ ఆటను ర్యాంకు లేని మోడ్‌లో ఆడుతూ పడీ పడీ నవ్వేవారూ ఉన్నారు. స్కోరును చదివే తీరులోనే తేడా వస్తోందని నా అభిప్రాయం. ఆ తీరు మన పిల్లలకు ఎక్కడ అలవడిందో కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. తెలుగునాట రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలు వేళ్లూనుకున్న ప్రాంతాల్లో మన రెండు నగరాలూ ముందు వరుసలో ఉంటాయి. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా ఫలితాల మర్నాడు కూడళ్లలో వెలిసే ఫ్లెక్సీల తీరు మారలేదు: ఒక ముఖం, దాని కింద ఒక అంకె. ఆ అంకే ఆ మనిషి అని ఏళ్ల తరబడి నేర్చుకున్న బుర్ర, వాలరెంట్ అనే తుపాకుల ఆటలో తన పేరు పక్కన ‘సిల్వర్’ అన్న కింది మెట్టు ముద్ర కనిపించగానే దాన్ని మార్కుల మెమోలాగే చదువుతుంది.

ఆటలోని ర్యాంకు చేసే పని మాత్రం పరీక్ష ర్యాంకు చేసే పనికి దాదాపు తలకిందులు. దాని మూలం చదరంగంలో ఉంది. హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగ్ పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లోనూ, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లోనూ స్వీకరించాయి. ఇద్దరి మధ్య 200 రేటింగ్ పాయింట్ల తేడా ఉంటే, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున లెక్కించి, బలమైన ఆటగాడికి నూరు ఆటల్లో 76 దక్కాలని ఆ పద్ధతి అంచనా వేస్తుంది. అంతకు మించి సాధిస్తే రేటింగ్ పెరుగుతుంది, తక్కువైతే పడుతుంది. నేటి ఆన్‌లైన్ ఆటల్లో జట్లను కూర్చే పద్ధతులు చాలావరకు ఈ ఆలోచనకు వారసులే. మనకు సమ ఉజ్జీని వెతికిపెట్టడం వాటి పని. అంటే ఆ యంత్రం ఎంత బాగా పనిచేస్తే మనం అంత కచ్చితంగా సగం ఆటలు ఓడిపోతాం. పరీక్షకు ఎక్కువ చదివినవాడికి మంచి ర్యాంకు వచ్చి, వచ్చినది వచ్చినట్టే నిలుస్తుంది. ఇక్కడ సాధన చేసి ఒక మెట్టు ఎక్కితే ఆ మెట్టు మీద కూడా సమ ఉజ్జీలే ఎదురవుతారు కాబట్టి మళ్లీ సగమే గెలుస్తాం. ఈ సంగతి తెలియని కుర్రవాడు ఆరు నెలలుగా కష్టపడుతున్నా గెలుపోటములు సరిసమానంగానే ఉన్నాయే అని దిగులుపడతాడు. తక్కెడ సరిగ్గా పనిచేస్తున్నప్పుడు కనిపించేది ఆ సమానత్వమే.

వరుస ఓటముల విషయంలో ఈ అపోహ మరింత చేటు చేస్తుంది. ఒక నాణేన్ని 20 సార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా నాలుగు బొరుసులు పడే అవకాశం నూటికి 48 పాళ్లు. అంటే శని, ఆదివారాలు కలిపి 20 మ్యాచ్‌లు ఆడేవాడికి, అతని ఆటలో కొత్తగా ఏ లోపమూ రాకపోయినా, ఇంచుమించు రెండు వారాలకోసారి నాలుగు వరుస ఓటములు రాసిపెట్టి ఉన్నట్టే. ఆ నాలుగింటికీ మనం కారణాలు వెతుకుతాం: టీమ్‌మేట్ పనికిరానివాడు, అవతలివాడు హ్యాక్ వాడాడు, నెట్ స్లో, ఇవాళ లేచిన వేళ మంచిది కాదు. వీటిలో ఒక్కోసారి ఏదో ఒకటి నిజమే అయుండవచ్చు. ఇంట్లో నలుగురూ ఒకే వైఫై మీద సినిమాలు చూసే వేళ పింగ్, అంటే మనం నొక్కింది సర్వరుకు చేరి తిరిగొచ్చే ఆలస్యం, ఎగిరిపడటం కల్పన కాదు. కానీ బొరుసు పడిన ప్రతిసారీ నాణేన్ని తిట్టేవాడిని చూసి మనం నవ్వుతాం కదా.

మొబైల్‌లో ఆడే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) దగ్గర లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబరులో నిషేధించాక, 2021 జులైలో దాని స్థానంలో వచ్చిన ఈ ఆట 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగి వచ్చింది. ఇన్ని అంతరాయాల తర్వాత కూడా మన హాస్టల్ గదుల్లో దాని పట్టు సడలలేదు. 100 మంది దిగే మైదానంలో నలుగురేసి జట్టు కడితే 25 జట్లవుతాయి, చివరిదాకా మిగిలినవారి గెలుపుకు పెట్టిన పేరైన ‘చికెన్ డిన్నర్’ ఒక్క జట్టుకే దక్కుతుంది. మిగతావారి కంటే గెలిచే అవకాశం రెండింతలున్న జట్టు కూడా 25 ఆటల్లో ఇంచుమించు రెండు గెలిచి 23 ఓడాల్సిందే. ఆనందమంతా గెలుపులోనే ఉందనుకునేవాడు ఈ ఆటను మానేయడం మేలు. అయినా ఇంతమంది ఆడుతున్నారంటే వారికి ఆనందం మరెక్కడో దొరుకుతోందన్నమాట. విమానంలోంచి ఎక్కడ దూకాలన్న వాదనలో, పాడుబడిన ఇంట్లో అనుకోకుండా దొరికిన తుపాకీ స్కోపులో, అందరినీ ఎక్కించుకుని బండిని నదిలోకి పోనిచ్చిన స్నేహితుడిని వారం రోజులపాటు ఆటపట్టించడంలో అది ఉంది. ఓడిన ఆటల్లోనూ ఇవన్నీ ఉంటాయి.

ఇంత తెలిసినా ఓటమి ఎందుకు కాలుస్తుంది? డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఒక మొత్తం చేతికి వచ్చినప్పటి సంతోషం కంటే అంతే మొత్తం చేజారినప్పటి బాధ బరువైనది. 20 పాయింట్లు వచ్చి 20 పోతే కాగితం మీద సున్నా, మనసులో మాత్రం అప్పు. ‘మైనస్ పడింది’ అని మన ఆటగాళ్లు అనే తీరులోనే ఆ బరువు తెలుస్తుంది. సరిగ్గా ఈ చోటే మన పాత మాట ఒకటి కీడు చేస్తుంది: పోయిన చోటే వెతుక్కోవాలి. పాచికల దగ్గర ధర్మరాజు చేసింది అదే. ఆట కాస్తా అహం పోరుగా మారితే ఎంత దూరం పోతుందో మనకు ఎవరో చెప్పనక్కర్లేదు. కోడిపోరులో ఓడి రాజ్యం విడిచి వెళ్లిన కథ పుట్టిన పల్నాడు 2022 వరకు గుంటూరు జిల్లాలోదే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ, పోటీలుగా నడిచే వీడియో గేములైన ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరుచేసి గుర్తిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. చట్టం దృష్టిలో ర్యాంకు ఆట జూదం కాదు, సరైన విభజనే అది. అయితే రాత్రి పన్నెండు గంటలకు ‘ఈ ఒక్కటే’ అనుకుంటూ మళ్లీ స్టార్ట్ నొక్కే మనసుకు ఆ విభజనతో పనిలేదు. అది కొత్త ఆట ఆడటం లేదు, అయిపోయిన ఆటను దిద్దబోతోంది.

ఆ స్థితికి ఆటగాళ్లు పెట్టుకున్న పేరు ‘టిల్ట్’. పిన్‌బాల్ యంత్రాల నుంచి పేకాట బల్ల మీదికి, అక్కడి నుంచి వీడియో గేముల్లోకి వచ్చిన మాట ఇది. బంతి అనుకున్న వైపు పోవడం లేదని ఆటగాడు యంత్రాన్ని పట్టుకుని ఊపేస్తే, అందులో అమర్చిన పరికరం దాన్ని పసిగట్టి మీటలు పనిచేయకుండా ఆపేసేది. బంతి కళ్లముందే కిందికి జారిపోయేది. నేటి ఆటల్లో అలాంటి పరికరం లేదు కానీ ఆ పని మన శరీరమే చేస్తుంది. కోపంలో మౌస్‌ను పిడికిలితో నొక్కి పట్టుకుంటాం, గురి వణుకుతుంది. రెండు క్షణాలు ఆగి వినాల్సిన అడుగుల చప్పుడు వినకుండానే తలుపు దాటి వెళ్తాం. చస్తాం, ఇంకా కోపం వస్తుంది.

కోపం కక్కేస్తే పోతుందన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది కాబట్టి, బల్ల మీద కొట్టడాన్నీ మైకులో అరవడాన్నీ చాలామంది ఆరోగ్యకరమైన అలవాటుగానే చూస్తారు. బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో ప్రచురించిన ప్రయోగం దీనికి విరుద్ధంగా తేల్చింది. తమను కించపరిచిన వ్యక్తిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును బాదినవారికే అందులో అందరికంటే ఎక్కువ కోపం మిగిలింది. ఏమీ చేయకుండా కాసేపు ఊరికే కూర్చున్నవారు వారికంటే నెమ్మదించారు. అరుపు నిప్పు మీద నీళ్లు కాదన్నమాట, విసనకర్ర. మ్యాచ్ ముగియగానే కుర్చీలోంచి లేచి, గ్లాసుడు మజ్జిగ తాగి, బయట ఎవరితోనైనా రెండు మాటలాడి రావడం చూడటానికి మరీ చిన్న ఉపాయంలా ఉంటుంది. అది పనిచేయడానికి కారణం ఓడిన ఆటను తలలో మళ్లీ మళ్లీ తిప్పుకునే అవకాశాన్ని తగ్గించడమే. రెండు వరుస ఓటముల తర్వాత ఆ పూటకు ర్యాంకు ఆట ఆపేయాలని ముందే, బుద్ధి నిలకడగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. ఓడాక తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ‘ఇంకొకటి’ అనే చెబుతుంది.

మైకు సంగతి వేరుగా చెప్పాలి. అరుగు మీద క్యారమ్ ఆడుతూ స్ట్రైకర్ తప్పు కొట్టిన పక్కింటి కుర్రవాడిని ఎవరూ వాడి తల్లి పేరెత్తి తిట్టరు, ఎందుకంటే రేపు పొద్దున పాల ప్యాకెట్ల దగ్గర ఆ తల్లే ఎదురవుతుంది. ఆన్‌లైన్‌లో ఆ ఎదురుపడటం లేదు. తెలుగు గొంతు వినగానే ‘ఏ ఊరు బ్రో’ అని మొదలైన పలకరింపు మూడో రౌండుకే బూతుల్లోకి దిగడం, ఆడపిల్లలు తమ గొంతు తెలియకూడదని మైకు ముట్టుకోకుండానే ఏళ్ల తరబడి ఆడటం ఈ ఆటల మీద ఇష్టమున్నవారిగా మనం సిగ్గుపడాల్సిన విషయాలు. మ్యూట్ బటన్ వాడటాన్ని కొందరు ఓటమిగా భావిస్తారు. నా లెక్కలో ఆ కేఫ్‌లోని అన్ని కీలలోనూ అంతకంటే ఉపయోగపడే కీ లేదు.

ప్రశాంతత అనగానే కోపమే రాని మనిషిని ఊహించుకోనక్కర్లేదు. 2025 జూన్‌లో నార్వే చెస్ టోర్నీలో గుకేశ్ చేతిలో ఓడిన నార్వే చదరంగ దిగ్గజం మాగ్నస్ కార్ల్‌సన్ బల్ల మీద పిడికిలితో కొట్టిన దృశ్యాన్ని లోకమంతా చూసింది. ఆ వెంటనే ప్రత్యర్థికి క్షమాపణ చెప్పిన అతను చివరికి టోర్నీ గెలిచాడన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ విజయవాడ క్రీడాకారిణి కోనేరు హంపి. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ చదరంగం పోటీలో ఆమె మొదటి రౌండే ఓడిపోయారు. ఒక్కొక్కరికి ఆటంతటికీ పదిహేను నిమిషాలూ ఎత్తుకు మరో పది సెకన్లూ మాత్రమే ఉండే ఆ పద్ధతిలో బాధపడటానికి తీరిక కూడా ఉండదు. 11 రౌండ్లు ముగిసేసరికి 8.5 పాయింట్లతో ఆమె 2019 తర్వాత రెండోసారి ఆ కిరీటం గెలుచుకున్నారు. మొదటి ఓటమిని రెండో బల్ల దగ్గరికి మోసుకెళ్లి ఉంటే ఆ అంకె వచ్చేది కాదు. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక వంటి గ్రాండ్‌మాస్టర్లను ఇచ్చిన గుంటూరుకూ, హంపి పెరిగిన విజయవాడకూ రేటింగ్ పడినా మర్నాడు బల్ల దగ్గర కూర్చునే విద్య కొత్తదేమీ కాదు. దాన్ని చదరంగం శిక్షణ కేంద్రాల నుంచి గేమింగ్ కేఫ్‌లోకి మనం తీసుకురాలేదు, అంతే.

ఇంట్లో పెద్దలకూ ఒక మాట. ఈ ఆటలకు ‘పాజ్’ ఉండదు. ఒక మ్యాచ్ అరగంట నడుస్తుంది, మధ్యలో ఫోన్ లాక్కుంటే మిగతా జట్టు నష్టపోతుంది, ఆ కోపం పిల్లవాడి నెత్తిన, అక్కడి నుంచి ఇంట్లోవారి నెత్తిన పడుతుంది. ‘ఇప్పుడే ఆపు’ అనే బదులు ‘ఇది అయ్యాక ఆపు’ అంటే సగం గొడవలు తగ్గుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మత ఉన్నమాట నిజమే. చదువూ నిద్రా వదిలేసి నెలల తరబడి ఆటే లోకమైపోయినవారి సమస్య అది. ఓడి తలుపు ధడాలున వేసిన ప్రతి కుర్రవాడికీ ఆ ముద్ర వేయకూడదు.

తెలుగులో ‘ఆడటం’, ‘ఆడుకోవడం’ అని రెండు మాటలున్నాయి. వండటానికీ వండుకోవడానికీ, పాడటానికీ పాడుకోవడానికీ ఉన్న తేడాయే వీటికీ ఉంది: రెండోది మన కోసం మనం చేసే పని. ర్యాంకు కోసం ఆడేవాడు ఆడుకోకూడదని ఎక్కడా లేదు కానీ, అందుకు కొలబద్దను తన చేతిలో ఉండేదానికి మార్చుకోవాలి. గుంటూరులో ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా మేనల్లుడు, నేను పోరగా పోరగా, నోటు పుస్తకం చివరి పేజీలో ప్రతి మ్యాచ్‌కూ ఒక్క వాక్యం రాయడం మొదలుపెట్టాడు. గెలుపోటములు రాయడు, తాను ఎలా చచ్చాడో రాస్తాడు. మూడు వారాల తర్వాత చూపిస్తే ‘ఆగకుండా లోపలికి పోయాను’ అన్న వాక్యం ఏడుసార్లు కనిపించింది. టీమ్‌మేట్ల మీద అతని ఫిర్యాదులు ఆ వారం నుంచి కొంత తగ్గాయని మా అక్క అంటుంది.

సంక్రాంతికి అందరం కలిసినప్పుడు పిల్లలు వాళ్లలో వాళ్లకే ఒక కస్టమ్ రూమ్ పెట్టుకుని, జనం చాలక నన్నూ చేర్చుకున్నారు. వరుసగా మూడు ఆటల్లో నేనే ముందు చచ్చాను, రెండోసారి సొంత గ్రెనేడ్‌తోనే. గదంతా నవ్వులు. ‘ఇదే ర్యాంకు ఆటైతే నన్ను పిలిచేవాడివా?’ అని మేనల్లుడిని అడిగాను. ‘అప్పుడు నిన్నెందుకు పిలుస్తాను మామయ్యా!’ అన్నాడు వాడు మొహమాటం లేకుండా, నాలుగో ఆటకు నా పేరు నొక్కుతూ.