జిమ్మీ గొప్ప బౌలరా, ఓపికున్న బౌలరా?

(ఒక మధ్యాహ్నం, బాబాయ్‌కీ అబ్బాయికీ మధ్య మొదలైన గొడవ ఇది. ఇంగ్లండ్ పేస్ బౌలర్ జేమ్స్ అండర్సన్, ముద్దుపేరు జిమ్మీ, టెస్టుల్లో 704 వికెట్లు తీశాడు. ఏ పేసరూ అన్ని తీయలేదు. ఆ అంకె అతని ప్రతిభదా, వయసుదా అన్నదే తగువు.)

అబ్బాయి: 704 అంటూ ఊరికే ఊదరగొట్టకు బాబాయ్. 188 టెస్టులు ఆడితే ఆ మాత్రం రావా? దక్షిణాఫ్రికా డేల్ స్టెయిన్ 93 టెస్టుల్లోనే 439 తీశాడు, సగటు 22.95, అంటే ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు; ఎంత తక్కువైతే అంత గొప్ప. వెస్టిండీస్ మాల్కమ్ మార్షల్ సగటు 21 కూడా లేదు. మీ జిమ్మీది 26.45. ఎక్కువ రోజులు డ్యూటీ చేసినవాడికి ఎక్కువ జీతం వచ్చింది, అంతే.

బాబాయ్: "188 ఆడితే" అన్నావే, ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చింది రా నీకు? ఒక పేసర్ 188 టెస్టులు ఆడటమే వింత. నలభై వేల బంతులు దాటి వేశాడు. ప్రతి బంతికీ ముందు కాలు నేలకు తన్నుకుంటుంది, ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం మోకాలి మీదా నడుం మీదా పడుతుంది. నేను క్లబ్బులో నాలుగేళ్లు వేశాను. ఇప్పుడు మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాలి.

అబ్బాయి: నీ మోకాలికి నీ బోర్డు ఫిజియోని ఇచ్చిందా? ఇంగ్లండ్ బోర్డు 2000 నుంచే ఆటగాళ్లతో సెంట్రల్ కాంట్రాక్టులు మొదలుపెట్టింది. ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు ఆగాలో వాళ్లే చూసుకున్నారు. 2015 ప్రపంచకప్ తర్వాత వన్డేలు కూడా లేవు. కపిల్‌దేవ్‌కి ఉందా ఆ సుఖం? 131 టెస్టులాడాడు, గాయమని ఒక్క టెస్టూ మానలేదు. పైగా ఆరో నంబర్లోనో ఏడో నంబర్లోనో బ్యాటింగ్ చేసేవాడు.

బాబాయ్: కపిల్ మీద నేను మాట్లాడను, నాకు దేవుడు. కానీ అదే బోర్డు, అవే కాంట్రాక్టులు ఇంగ్లండ్ పేసర్ సైమన్ జోన్స్‌కీ ఉన్నాయిగా? 2005 యాషెస్‌లో, అంటే ఇంగ్లండ్-ఆస్ట్రేలియా టెస్టు సిరీస్‌లో, రివర్స్ స్వింగ్‌తో, అంటే పాతబడ్డ బంతిని మామూలుకు ఎదురు దిక్కుకి వంచి, ఆస్ట్రేలియాని ఆటాడించాడు. ఆ సిరీస్‌లోనే ఒళ్లు సహకరించలేదు, మళ్లీ టెస్టు ఆడలేదు. మొత్తం 18 టెస్టులు. ఆ జట్టులోని ఆల్‌రౌండర్ ఫ్లింటాఫ్ 31 ఏళ్లకే టెస్టులకు దండం పెట్టాడు. కాంట్రాక్టు కాగితం వెన్నెముకని కాపాడుతుందా?

అబ్బాయి: జిమ్మీ వెన్నెముక మాత్రం?

బాబాయ్: అడిగావు కాబట్టి చెప్తా. బంతి వదిలే క్షణంలో అతని తల కిందికి, నేల వైపు వాలిపోతుంది, చూశావా? చిన్నప్పటి నుంచీ అంతే. ఇలా వేస్తే గాయాలవుతాయని కోచ్‌లు యాక్షన్ మార్చారు. మార్చాక వేగం పోయింది, స్వింగ్ పోయింది, 2006లో వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ కూడా వచ్చింది. అప్పుడు పాత యాక్షన్‌కే తిరిగి వెళ్లాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఆడాడు. నిపుణుల సలహా అన్నిసార్లూ పనిచేయదని మీ అమ్మకి కూడా చెప్పు.

అబ్బాయి: అమ్మనెందుకు లాగుతావు! సరే, అసలు పాయింట్‌కి వస్తా. ఆ వికెట్లలో నాలుగు వందలకు పైగా సొంత దేశంలోవే. పైన మబ్బు, కింద పచ్చిక, చేతిలో చేత్తో కుట్టిన డ్యూక్స్ బంతి. దాని సీమ్, అదే కుట్టు, లేచి ఉంటుంది, మెరుపు తొందరగా పోదు. అక్కడ వాడే కూకాబుర్రా బంతి ఇచ్చి ఆస్ట్రేలియా పంపిస్తే ఏమైంది? 2006-07లో 5 వికెట్లు, సగటు 80 పైన. 2013-14లో 14 వికెట్లు, సగటు 43 పైన, సిరీస్ 5-0తో పోయింది.

బాబాయ్: మధ్యలో 2010-11ని ఎగరగొట్టేశావే? దొంగ లెక్కలు నీవి. ఆ సిరీస్‌లో 24 వికెట్లు, రెండు జట్లలోనూ అతనిదే అగ్రస్థానం. ఇంగ్లండ్ 24 ఏళ్ల తర్వాత ఆస్ట్రేలియాలో సిరీస్ గెలిచింది. ఎలాగో తెలుసా? 2010 వేసవిలోనే పాకిస్తాన్ బౌలర్ మహమ్మద్ ఆసిఫ్ బంతి వేసే తీరు గమనించి వాబుల్ సీమ్, అంటే కుట్టు ఊగేలా బంతి వేయడం, నేర్చుకున్నాడు. ఆ బంతి ఇటివ్వు.

(బల్ల కింద దొర్లుతున్న పాత లెదర్ బంతిని అబ్బాయి అందిస్తాడు.)

బాబాయ్: చూడు. ఔట్‌స్వింగర్‌కి, అంటే బ్యాటర్ నుంచి బయటికి వంగే బంతికి, రెండు వేళ్లూ కుట్టు మీద దగ్గరగా ఉంటాయి, కుట్టు స్లిప్ ఫీల్డర్ల వైపు చూస్తుంది. ఇప్పుడు వేళ్లు కాస్త ఎడం చేశా, పట్టు వదులు చేశా. ఇలా వదిలితే కుట్టు నిటారుగా నిలబడదు, గాల్లో అటూ ఇటూ ఊగుతూ వెళ్తుంది. నేల మీద కుట్టులో ఏ అంచు తగులుతుందో బౌలర్‌కే తెలీదు, ఇక బ్యాటర్‌కేం తెలుస్తుంది? స్వింగ్ లేని చోట ఇదే అతని తిండి. తొలి ఐదేళ్లలో అతని సగటు 35 పైన. దాన్ని 26కి దించాడంటే తర్వాత ఎంత బాగా వేశాడో లెక్క కట్టు. వయసు పెరిగితే బౌలర్ సగటు పెరగాలి రా, తగ్గింది.

(అబ్బాయి బంతి తీసుకుని వేళ్లు ఎడం చేస్తాడు. బంతి జారి కాలి మీద పడుతుంది.)

అబ్బాయి: అబ్బా! ...ఒప్పుకుంటా, నేర్చుకున్నాడు. 2021 చెన్నై టెస్టు నేనూ మర్చిపోలేదు. చివరి రోజు పొద్దున గిల్ 50 కొట్టి కుదురుకున్నాడు. ఒకే ఓవర్లో రెండు రివర్స్ స్వింగర్లు, గిల్ స్టంప్ గిరగిరా తిరిగి పడింది, రహానేదీ అంతే. టీవీ కట్టేశాను. కానీ బాబాయ్, వెళ్లాల్సినప్పుడు వెళ్లడం కూడా ఒక విద్యే. 2023 యాషెస్‌లో నాలుగు టెస్టులకి 5 వికెట్లు! 2024 జులైలో లార్డ్స్‌లో చివరి టెస్టు, అది కూడా బోర్డు చెప్తే. అదే మ్యాచ్‌లో అట్కిన్సన్ అనే కుర్రాడు తొలి టెస్టు ఆడి 12 వికెట్లు తీశాడు. అలాంటివాళ్లు ఎంతమంది బయట కూర్చున్నారో?

బాబాయ్: (కాసేపాగి) ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. 2023 తర్వాతే ఆపి ఉంటే బాగుండేదని నాకూ అనిపించింది. అదే సిరీస్ చివర ఓవల్‌లో అతని జోడీ బౌలర్ బ్రాడ్ ఎంత అందంగా వెళ్లాడు! ఆఖరి బంతికి వికెట్ తీసి. పాపం జిమ్మీ ఆఖరి టెస్టులో తన బౌలింగ్‌లోనే వెస్టిండీస్ ఆటగాడు మోటీ ఇచ్చిన తేలిక క్యాచ్ వదిలేశాడు. అది పట్టి ఉంటే 705. అయినా ఆ మ్యాచ్‌లో నాలుగు వికెట్లు తీశాడు, మరో 18 రోజుల్లో 42 నిండుతాయనగా.

అబ్బాయి: అయితే నా జట్టులో కొత్త బంతి స్టెయిన్‌కే.

బాబాయ్: ఇచ్చుకో. అరవయ్యో ఓవర్‌కి బంతి చీకిపోయాక, పిచ్‌లో ప్రాణం లేనప్పుడు ఎవరికిస్తావు?

అబ్బాయి: అప్పుడూ స్టెయిన్‌కే. 2010 నాగ్‌పూర్ మర్చిపోయావా? మన గడ్డ మీద, మన బ్యాటర్ల మీద, 51 పరుగులకు 7 వికెట్లు.

బాబాయ్: నాగ్‌పూరే ఎత్తావా! 2012లో అదే నాగ్‌పూర్‌లో, చచ్చిన పిచ్ మీద, సెహ్వాగ్‌ని సున్నాకి, సచిన్‌ని రెండుకి బౌల్డ్ చేసిందెవడు? టెస్టుల్లో సచిన్‌ని తొమ్మిదిసార్లు ఔట్ చేసిందెవడు?

అబ్బాయి: ఆగు, ఆ తొమ్మిదిలో ఇంగ్లండ్‌లో ఎన్ని, ఇక్కడ ఎన్ని? ఫోన్ తీస్తున్నా, ఉండు.

బాబాయ్: తియ్యి, తియ్యి. నేనూ కళ్లద్దాలు తెచ్చుకుంటా.