నీలగిరి తైలం పసిపిల్లల మందు కాదు, దయచేసి వినండి

ఇవాళ పొద్దున మళ్ళీ మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అదే మెసేజ్ వచ్చింది. జలుబు చేస్తే గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల నీలగిరి తైలం, కాస్త తేనె వేసుకుని తాగండి, పిల్లలకైతే ఒక్క చుక్క చాలు, ఆకుల నుంచి తీసింది కాబట్టి ఏ హానీ ఉండదు, పదిమందికీ పంపండి అని. దాని కింద అప్పటికే బోలెడు దండాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడే నాలుగు మాటలు రాశాను కానీ చాలలేదు, అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నాకు ఆ నూనె అంటే చాలా ఇష్టం. ఊటీ వెళ్ళొచ్చిన చుట్టాలు చాక్లెట్లు, టీపొడితో పాటు ఆ సీసా తేకపోతే మా ఇంట్లో అడిగి మరీ తెప్పించుకుంటాం. కొత్త స్టీలు గిన్నెల మీద స్టిక్కర్ పీకాక మిగిలే జిగురుందే, గోరుతో గీకినా పీచుతో తోమినా పోనిది, దాని మీద నాలుగు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగి గుడ్డతో తుడిస్తే జారిపోతుంది, తర్వాత సబ్బుతో కడిగేసుకుంటే సరి. చలికాలంలో దుప్పట్లు పెట్టిన అరలో ఒక దూది ఉండ ముంచి పెడతాను. ఇల్లు తుడిచే నీళ్ళలో వేసేటప్పుడు మాత్రం ముందు సబ్బు ద్రావణంలో కలిపి అప్పుడు పోయాలి, లేకపోతే నూనె పైన తేలుతూ ఉండిపోతుంది. అమ్మ మోకాళ్ళకి కొబ్బరినూనెలో కలిపి రాస్తే ఆవిడకి హాయిగా ఉంటుంది. ఇవన్నీ చేస్తాను, చెయ్యొద్దని ఎవరికీ చెప్పను.

నా గొడవంతా ‘ఆకే కదా’ అనే మాట మీద. ఇంచుమించు వంద కిలోల ఆకుని ఆవిరి మీద పెట్టి బట్టీ పడితే వచ్చేది ఒక కిలో నూనె. అంటే అది ఆకు కాదు, ఆకు సారమంతా ఒక్కచోట చేరిన ఘాటైన రసాయనం. మందుగా వాడే తైలంలో కనీసం డెబ్బై శాతం సినియోల్ అనే ఒక్క పదార్థమే ఉండాలని మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకం బ్రిటిష్ ఫార్మకోపియా చెప్తుంది. థర్మోకోల్ మీద వేస్తే కరిగిపోతుంది, మంట తగిలితే అంటుకుంటుంది. అలాంటిదాన్ని పసివాడి గొంతులో ఎలా పోస్తాం?

ఇంకో మాట, ఇది మన ప్రాచీన వైద్యమని చాలామంది గట్టిగా వాదిస్తారు. ఆ యూకలిప్టస్ చెట్టు ఆస్ట్రేలియాది. టిప్పు సుల్తాన్ కాలంలో నంది కొండల్లో మొదట నాటారంటారు, నీలగిరి కొండలకి 1843లో వచ్చింది, అక్కడ విరివిగా పెంచింది కూడా వంటచెరకు కోసం. నూనె తీసి అమ్మే వ్యాపారం ఆస్ట్రేలియాలోనే జోసెఫ్ బొసిస్టో అనే ఆయన 1852లో మొదలుపెట్టాడు. చరకుడికీ సుశ్రుతుడికీ దీనితో ఏ సంబంధమూ లేదు. మన ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం వేసే జామాయిల్ కూడా ఈ జాతి చెట్టే, ఆ తోటల పక్కన పెరిగినవాళ్ళకి కూడా చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. మూడేళ్ళ క్రితం సంక్రాంతికి అందరం అమ్మ దగ్గర చేరాం. అక్క కొడుక్కి అప్పుడు రెండున్నరేళ్ళు. ముందురోజు రాత్రి బావగారు ఆవిరి పట్టుకుని సీసా మంచం పక్కన స్టూలు మీదే వదిలేశారు. అచ్చం దగ్గు మందు సీసాలాగే ఉంటుంది కదా. మేం వంటింట్లో అరిసెలు వత్తుతున్నాం. వాడి దగ్గు వినపడి వెళ్ళేసరికి చొక్కా అంతా ఆ వాసన, నోరంతా ఆ వాసన. ఎంత తాగాడో తెలియదు, ఒక చెంచా ఉంటుందేమో. పక్కింటి పెద్దమ్మగారు ఉప్పునీళ్ళు పట్టించి కక్కించమన్నారు, మేమూ అదే చేశాం, ఏం తెలుసు మాకు! పావుగంట కాకుండానే తల వాల్చేశాడు, కారులో ఉండగానే ఫిట్స్ వచ్చాయి. అక్క అరుపు నాకిప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

హాస్పిటల్లో డాక్టరు మొదట అడిగింది కక్కించారా అనే. కక్కించినప్పుడు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే తాగినదానికంటే పెద్ద ప్రమాదమట. రెండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. బతికి బయటపడ్డాడు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. పిల్లలకి ఒక చెంచా కూడా ప్రాణం మీదికి తెస్తుందని, తాగినట్టు అనుమానం వస్తే ఏమీ పట్టించకుండా, కక్కించకుండా, సీసా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలని, 108కి ఫోన్ చెయ్యాలని ఆ రోజే తెలిసింది మాకు.

అమ్మ చాలా రోజులు ఒకటే మాట అంది: ‘మీ ముగ్గురికీ ముక్కు దగ్గర రాశాను కదే, ఏమీ కాలేదు కదా!’ నిజమే, మాకేమీ కాలేదు. అందరికీ అవ్వదు కూడా. కానీ రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గరా ముఖానా ఇది రాస్తే గొంతు బిగుసుకుపోయి ఊపిరాడకపోవచ్చు. తాగక్కర్లేదు, రాసినా పీల్చినా కూడా ఫిట్స్ వచ్చినవాళ్ళ గురించి బెంగళూరు న్యూరాలజిస్టులు వైద్య పత్రికల్లో రాశారు, వాళ్ళలో పెద్దవాళ్ళూ ఉన్నారు. కర్పూరానికీ ఇదే వర్తిస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ రెండింటి జోలికీ పోకండి. పైగా ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేది చాలావరకు లోపల తగిలే చల్లదనం వల్ల, అంతే.

పెద్దవాళ్ళు ఆవిరి పట్టుకుంటే పట్టుకోండి, కళ్ళు మూసుకుని, ఒకటి రెండు చుక్కలతో. మరుగుతున్న గిన్నె ముందు దుప్పటి కప్పి పిల్లల్ని కూర్చోబెట్టకండి, ఒలికి ఒళ్ళు కాలిన పిల్లలు కరోనా రోజుల్లో ఎంతమందో! దోమల మందు డబ్బాలో దీన్ని పోసి కరెంటు పెట్టే చిట్కా కూడా తిరుగుతోంది, అంటుకునే నూనెని కరెంటుతో వేడి చెయ్యడమది.

గ్రూపులో నేను రాశాక ఒకమ్మాయి విడిగా మెసేజ్ పెట్టింది. ‘అక్కా, మా పాపకి ఏడో నెల, మా అత్తయ్యగారు రుమాలు మీద వేసి ఉయ్యాలకి కడుతున్నారు, ఎన్ని చుక్కల వరకు పరవాలేదు?’ అని. ఒక్క చుక్క కూడా వద్దమ్మా, ఆ రుమాలు ఇప్పుడే విప్పేసెయ్, పిల్లల డాక్టరుని అడిగి ముక్కులో సెలైన్ చుక్కలు వెయ్యి అని రాశాను. కాసేపటికి ఖాళీ ఉయ్యాల ఫోటో పంపింది, రుమాలు లేదు, పాప అత్తయ్యగారి ఒళ్ళో ఉందట.