కెపాసిటర్ డబ్బా కొనే ముందు ఒక్కరోజు మిల్లులో కూర్చోండి

లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతే పవర్ ఫ్యాక్టర్. దాన్ని పెంచే కెపాసిటర్ల కోసం వారానికి ఇద్దరైనా ఫోన్ చేస్తారు. "అన్నా, మాది వంద హెచ్‌పీ లోడు. ఎన్ని కేవీఏఆర్ పెట్టమంటావు? త్రీఫేజ్ సర్క్యూట్ ఒకటి వాట్సాప్ చెయ్యవా?" కేవీఏఆర్ అంటే కెపాసిటర్ ఎంత పెద్దదో చెప్పే కొలత. వంద అన్నది మోటార్ల నేమ్‌ప్లేట్ల మీది అంకెలు కూడితే వచ్చిన మాట. మిల్లు ఆడుతున్నప్పుడు ఎంత లాగుతోంది, ఏ పవర్ ఫ్యాక్టర్‌తో లాగుతోంది అంటే నీళ్లు నమలడమే. అది తెలీకుండా ఏ సర్క్యూట్ గీయమంటారు నన్ను?

మొన్న నరసన్నపేట దగ్గర ఒక రైస్ మిల్లులో తవుడు దుమ్ములో మీటర్ పట్టుకుని రోజంతా కూర్చున్నా. అన్నీ ఆడుతుంటే 60 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.75. దాన్ని 0.97కి తేవాలంటే పవర్ ఫ్యాక్టర్ కోణానికి టాన్ విలువ 0.88 నుంచి 0.25కి దిగాలి. తేడా 0.63, దాన్ని అరవైతో గుణిస్తే 38 కేవీఏఆర్. లెక్క ఇంతే! అలాగని 38 కొనేస్తే చాలదు. 440 వోల్టుల డబ్బా 415 దగ్గర తన మీద రాసినంత ఇవ్వదు, 38కి 34 దాకానే వస్తుంది. సాయంత్రం వోల్టేజి 380కి పడితే 28. అందుకే 5, 5, 10, 25 చొప్పున నాలుగు స్టెప్పులు, అంటే అవసరాన్ని బట్టి విడివిడిగా కలిపే డబ్బాలు పెట్టాం. పొద్దున్నే చిన్న మోటారు ఒక్కటే తిరిగేటప్పుడు ఒక 5 సరిపోతుంది.

కేబుల్లో కరెంటు కొలిచి రిలేకి చెప్పే కాయిల్ సీటీ. దాని దగ్గర మాత్రం ఒకప్పుడు నేనే బోల్తా పడ్డాను. టెక్కలి వైపు ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. మెయిన్ కేబుల్ లావుగా ఉందని, కెపాసిటర్లకు వైరు చీలే ట్యాపింగ్ దాటాక మోటార్ల వైపు తొడిగేశాను. ఇక స్టెప్పులు వేసి తీసే రిలేకి కెపాసిటర్లు కనపడితే కదా! స్టెప్పులన్నీ వేసేసినా తెర మీద 0.78 కదలదు. లోడు తగ్గినా ఒక్క స్టెప్పూ దిగదు. కెపాసిటర్లు అవసరానికి మించి పవర్ ఫ్యాక్టర్ లీడింగులోకి, అంటే అవతలి వైపుకి పోయింది, అక్కడి మీటరు దాన్నీ బిల్లు లెక్కేసే కేవీఏహెచ్‌లో కలిపేసింది. నెల తిరిగాక ఓనరు బిల్లు పట్టుకొచ్చి, "ఏటి బాబూ, ఇన్ని డబ్బాలెట్టినా బిల్లు తగ్గనేదు సరికదా, పెరిగినాదేటి?" అన్నాడు. సీటీని ట్యాపింగ్‌కి ముందు, ఇన్‌కమింగ్ ఆర్ ఫేజ్ మీదకి మార్చి, వోల్టేజి వై, బీల నుంచి ఇచ్చాను. కాసేపటికే స్టెప్పుల్ని కలిపే స్విచ్చులు, రెండు కాంటాక్టర్లు టక్కు టక్కున పడిపోయాయి. నా పరువూ అంతకు నెల ముందే పడిపోయిందనుకోండి.

మోటారు స్పీడు మార్చే వీఎఫ్‌డీలు ఎక్కువగా ఉంటే కథ మారుతుంది. అవి లైన్లోకి వదిలే, మామూలు ఫ్రీక్వెన్సీకి ఐదు, ఏడు రెట్లుండే 5వ, 7వ హార్మోనిక్‌లు కెపాసిటర్లని తినేస్తాయి కాబట్టి కెపాసిటర్‌తో వరసలో 7 శాతం రియాక్టర్ అనే కాయిల్ కావాలి. అది పెట్టగానే కెపాసిటర్ మీద వోల్టేజి 415 నుంచి 446కి ఎక్కుతుంది, కనుక 440 డబ్బా పనికిరాదు, 480 గానీ 525 గానీ తీసుకోవాలి. 

నిన్న బొబ్బిలి నుంచి ఒక కుర్రాడు చేశాడు. ఆరు నెలల బిల్లులు, ఒక్కరోజు రీడింగులు పంపమన్నాను. "అంత టైమెక్కడిదన్నా, ఓనరు రేపే పెట్టీమంటన్నాడు" అన్నాడు. నేనైతే ఏ సర్క్యూటూ పంపలేదు.